85 ఎంఎం 1.4 కొనాలా, 1.8 సరిపోతుందా?

మీరు అడిగింది ఇదీ: చేతిలో సోనీ ఫుల్ ఫ్రేమ్ (పెద్ద సెన్సర్ ఉన్న) బాడీ, 24-105 ఎఫ్4 జూమ్, ఒక 50 ఎఫ్1.8 ఉన్నాయి. పెళ్ళిళ్ళు, ప్రీవెడ్డింగులు, ఓణీల ఫంక్షన్లు తీస్తున్నారు. పోర్ట్రెయిట్‌కని ఇప్పుడు 85 ఎంఎం లెన్స్ కొనాలనుకుంటున్నారు. 1.4, 1.8 అనేవి దాని ఎఫ్ నంబర్లు, ఆ నంబర్ ఎంత చిన్నదైతే లెన్స్ అంత ఎక్కువ తెరుచుకుంటుంది. 1.8 అయితే 1.4 ధరలో సగం లోపే వచ్చేస్తుంది. మరి ఆ మిగతా డబ్బు పెడితే ఫొటోలో ఏం తేడా కనిపిస్తుంది?

ముందే చెప్పేస్తాను. 85 కొనండి, అందులో 1.8 కొనండి. 1.4 గొప్ప లెన్సే, అందులో అనుమానం లేదు. కానీ దాని బలం బయటపడాలంటే దూరం, వెనక ఖాళీ, వెలుతురు మూడూ కలిసిరావాలి. మండపం మీద ఆ మూడూ కలిసిరావడం అరుదు. ఎందుకో లెక్కతో చూద్దాం. లెక్క తెలిస్తే రేపు 105 గురించో 135 గురించో ఎవరినీ అడగక్కర్లేదు.

బ్లర్ ఎంత వస్తుందో చెప్పేది ఎఫ్ నంబర్ ఒక్కటే అని చాలామంది అనుకుంటారు. అసలు చూడాల్సింది ఫోకల్ లెంగ్త్‌ని (లెన్స్ పేరులోని ఎంఎం సంఖ్యని) ఎఫ్ నంబర్‌తో భాగిస్తే వచ్చే సంఖ్య. లెన్స్‌ని ముందు నుంచి చూసినప్పుడు కనిపించే రంధ్రం వెడల్పు అది. 85ని 1.4తో భాగిస్తే దాదాపు 60 మిల్లీమీటర్లు, 1.8తో భాగిస్తే 47. మీ 50 ఎఫ్1.8కి 28. మీ జూమ్ 105 దగ్గర, ఎఫ్4లో 26. పెళ్ళికూతురు వెనక చాలా దూరంలో ఒక సీరియల్ బల్బు వెలుగుతోందనుకోండి. ఫొటోలో అది గుండ్రంగా పరుచుకుంటుంది కదా, ఆ గుండ్రం వెడల్పుని ఆవిడ నిలబడ్డ చోట స్కేలు పెట్టి కొలిస్తే సరిగ్గా ఆ సంఖ్యే వస్తుంది. 1.4లో ఆ చుక్క ఆవిడ చేతికున్న 2.6 సైజు గాజంత. 1.8లో చిన్నపిల్లల 1.14 సైజు గాజంత. మీ 50లో పది రూపాయల బిళ్ళంత.

దీన్నిబట్టే ఒక సంగతి తేలిపోతుంది. 50 నుంచి 85 ఎఫ్1.8కి వెళ్తే చుక్క 28 నుంచి 47కి, అంటే దాదాపు 1.7 రెట్లు పెరుగుతుంది. అక్కడి నుంచి 1.4కి వెళ్తే 47 నుంచి 60కి, 1.3 రెట్లు. పెద్ద గెంతు మొదటిదే, అది తక్కువ డబ్బుకే వస్తోంది.

అయితే ఈ లెక్క వెనక దృశ్యం చాలా దూరంలో ఉన్నప్పటిది. బ్యాక్‌గ్రౌండ్ దగ్గరగా ఉంటే చుక్క చిన్నదవుతుంది. ఎంత చిన్నదవుతుందో ఇలా లెక్కకట్టొచ్చు: మనిషి నుంచి వెనక గోడకి ఉన్న దూరాన్ని, కెమెరా నుంచి గోడకి ఉన్న మొత్తం దూరంతో భాగించి, పై సంఖ్యతో హెచ్చించాలి. నడుము పైనుంచి తీసే నిలువు ఫొటోకి 85తో మీరు ఎనిమిది అడుగుల దూరంలో నిలబడతారు. పెళ్ళికూతురికి ఆరడుగుల వెనక పూల డెకరేషన్ ఉంటే 1.4లో కూడా చుక్క 26 మిల్లీమీటర్లే. అదే ఆవిడని డెకరేషన్ నుంచి ఇరవై అడుగులు ముందుకి తెచ్చి నిలబెడితే 1.8లో 34 మిల్లీమీటర్లు వస్తుంది. అంటే పద్నాలుగు అడుగులు నడిపించగలిగితే చవక లెన్స్ ఖరీదు లెన్స్‌ని దాటేస్తుంది. నడిపించే వీలు లేని చోట, అంటే కుర్చీలో కూర్చోబెట్టిన పెళ్ళికూతురు, వెనక ఆరడుగుల్లో బోర్డు, అక్కడ 1.8 ఇచ్చేది 20, 1.4 ఇచ్చేది 26. రెండింటిలోనూ బోర్డు మీద పేర్లు మెత్తబడతాయి, ఏ ఒక్కదానిలోనూ కరిగిపోవు.

70-200 ఎఫ్2.8 గురించి కూడా ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే పెళ్ళిళ్ళు తీసేవాళ్ళు ఏదో ఒకరోజు అది కొంటారు. 200 దగ్గర దాని రంధ్రం 71 మిల్లీమీటర్లు. కాగితం మీద 85 ఎఫ్1.4 కన్నా ఎక్కువే. కానీ అదే నడుము పై ఫొటోకి దానితో పంతొమ్మిది అడుగులు వెనక్కి వెళ్ళాలి కాబట్టి, గోడ ఆరడుగుల్లో ఉంటే చుక్క 17కి పడిపోతుంది. మనిషి వెనక యాభై అడుగులకి పైగా ఖాళీ ఉన్నప్పుడే జూమ్ 1.4ని దాటుతుంది. చెరువు గట్టు మీద, పొలాల్లో, బీచ్‌లో జూమ్ గెలుస్తుంది. ఫంక్షన్ హాల్లో 85 గెలుస్తుంది. మీకు 70-200 కొనే ఆలోచన ఉంటే 1.4 మీద డబ్బు పెట్టడానికి కారణం ఇంకా తగ్గుతుంది.

ఇప్పుడు ఫోకస్ లోతు. 1.4 కొన్నవాళ్ళకి మొదటి నెలలోనే నిరాశ కలిగించేది ఇదే. తల, భుజాల వరకు నిలువుగా తీయడానికి 85తో ఐదడుగుల దూరం కావాలి. అక్కడ 1.4లో పదునుగా ఉండే మందం మొత్తం రెండున్నర సెంటీమీటర్లు, అంటే ఫోకస్ పడ్డ చోటికి ముందు ఒకటింబావు, వెనక ఒకటింబావు. ముఖం పూర్తిగా కెమెరా వైపు ఉంటే ఇబ్బంది లేదు, రెండు కళ్ళూ ఒకే దూరంలో ఉంటాయి. ముఖాన్ని సగం పక్కకి తిప్పారంటే దూరపు కన్ను దగ్గరి కన్ను కన్నా దాదాపు నాలుగున్నర సెంటీమీటర్లు వెనక్కి వెళ్తుంది. దగ్గరి కంటి రెప్పవెంట్రుక ఒక్కొక్కటీ లెక్కపెట్టేలా ఉంటుంది, రెండో కన్ను పొగమంచులోంచి చూస్తున్నట్టు ఉంటుంది. ఫోన్లో చూస్తే బాగానే అనిపిస్తుంది. 12 బై 36 ఆల్బమ్ షీట్ మీద పడ్డాక పెళ్ళివారు "ఈ కన్నేంటండీ ఇలా ఉంది" అంటారు. ఆ పోజుకి రెండు కళ్ళూ దొరకాలంటే ఎఫ్2.8 పెట్టి, ఫోకస్ రెండు కళ్ళకీ మధ్య లోతులో పడేలా చూడాలి, అక్కడ మందం ఐదు సెంటీమీటర్లు. ఎఫ్2.8లో తీసేదానికి 1.4కి డబ్బు పెట్టడమెందుకు?

ఒక చిన్న జాగ్రత్త. మధ్య పాయింట్‌తో ఫోకస్ లాక్ చేసి తర్వాత కెమెరా తిప్పి ఫ్రేమ్ సరిచేసుకునే అలవాటుంటే 1.4తో మానుకోవాలి. ఐదడుగుల దగ్గర అడ్డం ఫ్రేమ్‌లో కన్ను పై అంచు దాకా వచ్చేలా తిప్పితే ఫోకస్ తలం కంటి వెనక్కి ఒకటిన్నర సెంటీమీటర్లు జరుగుతుంది. మీకున్న మందం ముందు వైపు ఒకటింబావే. కన్ను మెత్తబడిపోతుంది. ఐ ఆటోఫోకస్ (కెమెరా తానే కన్ను వెతికి ఫోకస్ చేసేది) పెట్టుకోండి. అయినా ఒక చిక్కు మిగిలే ఉంటుంది. పెళ్ళికూతురు తల వంచి ఉన్నప్పుడు కళ్ళు మూతపడతాయి, నుదుటి మీద బాసికం ముత్యాలతో గట్టి కాంట్రాస్ట్‌తో మెరుస్తుంటుంది. కన్ను దొరక్క కెమెరా బాసికాన్ని పట్టుకుంటుంది. 1.8లో అయితే ఆ తప్పు కొంతవరకు కప్పుకుపోతుంది, 1.4లో కప్పుకోదు. ఆ క్షణాల్లో వరుసగా నాలుగైదు ఫ్రేములు తీయడమే మార్గం.

జీలకర్ర బెల్లం ఘట్టం తీసుకోండి. ఇద్దరి చేతులూ ఒకరి తల మీద ఒకరివి, మధ్యలో తెర, చుట్టూ బంధువులు. పురోహితుడి పక్కన నిలబడటానికి మీకు దొరికేది ఆరడుగులు. చేతికీ ముఖానికీ మధ్య లోతు జానెడు పైనే ఉంటుంది. అది మొత్తం పదునుగా కావాలంటే 85తో ఎఫ్8 కన్నా తెరవడానికి లేదు. పైగా ఆ దూరంలో 85లో ఇద్దరూ పట్టరు. తలంబ్రాలకీ అంతే. బియ్యం గింజలు గాల్లో ఆగినట్టు కనిపించాలంటే 1/500 షట్టర్ కావాలి, ఇద్దరి ముఖాలూ పదునుగా ఉండాలి, కాబట్టి ఎఫ్2.8 నుంచి 4 మధ్య ఉండి ఐఎస్ఓ (వెలుతురుకి సెన్సర్ సున్నితత్వం) పెంచుకుంటారు. మాంగల్యధారణకీ ఇదే లెక్క. ముహూర్తానికి ముందూ తర్వాతా జరిగే ప్రతి ముఖ్య ఘట్టంలోనూ మీరు ఎఫ్2.8 దాటి తెరవరు. 85 పనికొచ్చేది గదిలో పెళ్ళికూతురు ముస్తాబవుతున్నప్పుడు, బంధువుల క్యాండిడ్లు, సారెతో వస్తున్న అమ్మ ముఖం, ఇలాంటి చోట్ల. వీటిలో ఎక్కువభాగం 1.8, 2 దగ్గర హాయిగా వస్తాయి.

వెలుతురు సంగతి త్వరగా చెప్పేస్తాను. 1.8 నుంచి 1.4కి దాదాపు మూడింట రెండొంతుల స్టాప్ ఎక్కువ వస్తుంది (ఒక స్టాప్ అంటే వెలుతురు రెట్టింపు). 1.8లో ఐఎస్ఓ 1600 పెట్టే చోట 1.4లో 1000 పెడతారు. ఫుల్ ఫ్రేమ్ బాడీలో ఆ రెండు ఫొటోలు పక్కపక్కన పెట్టి ఏది ఏదో చెప్పమంటే కష్టం. చీకటి కోసమే 1.4 కొంటున్నానంటే ఆ కారణం నిలబడదు.

ఎండలో మాత్రం 1.4 ఎదురు తిరుగుతుంది. ప్రీవెడ్డింగులకి ఇది తెలిసి ఉండాలి. మిట్టమధ్యాహ్నం ఎండలో ఐఎస్ఓ 100 దగ్గర సరైన ఎక్స్‌పోజర్ ఎఫ్16, 1/100. దాన్ని 1.4కి తెస్తే 1/12800 అవుతుంది. చాలా బాడీల్లో మెకానికల్ షట్టర్ 1/8000 దగ్గరే ఆగిపోతుంది, కొన్నిటిలో 1/4000 దగ్గరే. 1.8 అయితే దాదాపు 1/8000కి సరిపోతుంది. 1.4 వాడాలంటే ఎలక్ట్రానిక్ షట్టర్‌కి వెళ్ళాలి, లేదా ఎన్‌డీ8 ఫిల్టర్ (వెలుతురుని ఎనిమిదో వంతుకి తగ్గించే ముదురు గాజు) తగిలించాలి. ఎండలో ఫ్లాష్ కూడా కలపాలంటే షట్టర్ సింక్ స్పీడ్ (ఫ్లాష్‌తో కలిసి పనిచేసే గరిష్ఠ వేగం) 1/250 దాటకూడదు కాబట్టి ఎన్‌డీ64 కావాలి, లేదా హై స్పీడ్ సింక్‌లో (ఆ వేగం దాటి కూడా ఫ్లాష్ వెలిగించే పద్ధతి) ఫ్లాష్ శక్తి చాలావరకు వదులుకోవాలి. పెద్ద లెన్స్‌కి 77 ఎంఎం ఫిల్టర్ కావాలి, 1.8కి 67 చాలు. మంచి ఎన్‌డీ ధర కూడా లెన్స్ ధరలో కలిపే చూసుకోండి.

సోనీ బాడీల్లో ఇంకొకటుంది, దీన్ని లెన్స్ లోపమనుకుని షాపుకి తిరిగి తీసుకెళ్ళేవాళ్ళున్నారు. ఎలక్ట్రానిక్ ఫ్రంట్ కర్టెన్ షట్టర్ (ముందు తెరకి బదులు సెన్సరే ఎక్స్‌పోజర్ మొదలుపెట్టే పద్ధతి) ఆన్‌లో ఉండి, అపర్చర్ బాగా తెరిచి, షట్టర్ 1/1000 దాటితే వెనకున్న చుక్కలు గుండ్రంగా రాకుండా ఒక అంచు కోసేసినట్టు వస్తాయి. ఆకుల మధ్య నుంచి వచ్చే వెలుగు చుక్కల్లో బాగా తెలుస్తుంది. మెనూలో దాన్ని ఆఫ్ చేసి పూర్తి మెకానికల్ షట్టర్‌కి వెళ్తే పోతుంది. కొన్ని చిన్న బాడీల్లో పూర్తి మెకానికల్ షట్టరే ఉండదు. మీది అలాంటిదైతే ఎండలో 1.4కి ఫిల్టరో ఎలక్ట్రానిక్ షట్టరో తప్పదు. ఎలక్ట్రానిక్ షట్టర్‌ని మాత్రం ఎల్ఈడీ లైట్ల కింద వాడకండి, చీర మీద నల్ల చారలు పడతాయి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి హాల్లో మెకానికల్ షట్టర్‌తో కూడా 1/100 దగ్గర చారలు తక్కువగా ఉంటాయి.

ఇంత చెప్పాక 1.4 లెన్సులకి నిజంగా ఉన్న గొప్ప ఏమిటో కూడా చెప్పాలి. వాటి అసలు విలువ 1.4లో కన్నా 1.8, 2 దగ్గర తీసినప్పుడు కనిపిస్తుంది. పట్టుచీర జరీ అంచుని 100 శాతం జూమ్ చేసి చూడండి. సోనీ ఎఫ్ఈ 85 ఎఫ్1.8ని పూర్తిగా తెరిచి తీస్తే ఫోకస్‌కి ముందున్న జరీ పోగుల చుట్టూ సన్నని ఊదా గులాబీ రంగు, వెనకున్న పోగుల చుట్టూ లేత ఆకుపచ్చ కనిపిస్తాయి. తెల్లరాళ్ళ నెక్లెస్‌లో ఇంకా స్పష్టంగా ఉంటుంది. లైట్‌రూమ్‌లో డీఫ్రింజ్ (అంచుల రంగు తుడిచే సాధనం) కొంత తీసేస్తుంది, కానీ పసుపు ముఖం మీద, ఆకుపచ్చ గాజుల పక్కన అతిగా లాగితే అసలు రంగు కూడా పోతుంది. ఎఫ్2.8కి మూస్తే చాలావరకు తగ్గుతుంది. సిగ్మా 85 ఎఫ్1.4 డీజీ డీఎన్, సోనీ జీ మాస్టర్ లాంటివి ఈ విషయంలో చాలా శుభ్రంగా ఉంటాయి. వాటికి పదకొండు బ్లేడ్లు (లెన్స్ రంధ్రాన్ని మూసే రేకులు), 1.8కి తొమ్మిది, కాబట్టి కొద్దిగా మూసినా చుక్కలు గుండ్రంగానే ఉంటాయి. ఫ్రేమ్ అంచుల్లో చుక్కలు పిల్లికన్నులా నొక్కుకుపోవడం కూడా 1.4 లెన్స్‌ని 1.8కి మూస్తే బాగా తగ్గుతుంది. నగల యాడ్‌లు, చీరల కేటలాగులు తీసేవాళ్ళకి ఈ శుభ్రత డబ్బు సంపాదించి పెడుతుంది. వాళ్ళు 1.4 కొంటే తప్పు లేదు.

రెండోవాళ్ళు, మనిషిని నిలువెత్తున తీస్తూ వెనక దృశ్యాన్ని కరిగించాలనుకునేవాళ్ళు. పూర్తి ఎత్తుకి 85తో పదిహేను అడుగుల దూరం కావాలి. అక్కడ 1.4లో మందం 24 సెంటీమీటర్లు, మనిషి మొత్తం పదునుగా ఉంటాడు, వెనక తోట మెత్తగా విడిపోతుంది. ఆ విడిపోయే తీరు ఎఫ్2.8 జూమ్‌లో 85 దగ్గర రాదు, 1.8లో వస్తుంది కానీ కొంచెం తక్కువ. నిలువెత్తు ప్రీవెడ్డింగ్ ఫొటోలే మీ పేరు నిలబెడుతున్నాయంటే 1.4కి అర్థముంది.

బరువు చెప్పి ఊరుకుంటాను: ఎఫ్ఈ 85 ఎఫ్1.8 371 గ్రాములు, సిగ్మా డీజీ డీఎన్ సుమారు 630, జీ మాస్టర్ మొదటిది 820, 2024లో వచ్చిన రెండోది 642. రాత్రి రెండింటి ముహూర్తానికి సాయంత్రం ఆరు నుంచి మోసేవాళ్ళకి ఆ తేడా మణికట్టుకి తెలుస్తుంది.

కొనే ముందు రెండు పరీక్షలు చేయండి, పైసా ఖర్చు లేదు. గత ఆరు నెలల్లో ఆల్బమ్‌కి వెళ్ళిన ఫొటోలని లైట్‌రూమ్ లైబ్రరీలో మెటాడేటా ఫిల్టర్ పెట్టి, 50తో తీసినవి మాత్రమే తెచ్చుకుని అపర్చర్ వారీగా చూడండి. ఎక్కువ ఎఫ్2.5, 2.8 దగ్గరే ఉంటే 1.4 మీ చేతిలో 2.8గానే బతుకుతుంది. రెండోది, వచ్చే ఫంక్షన్‌లో జూమ్‌ని 85 దగ్గర పెట్టి రింగు మీద టేపు అతికించి గంటసేపు తీయండి. 12 బై 10 గదిలో ముస్తాబు తీస్తుంటే వెనక్కి జరగడానికి చోటుందో లేదో, వీపుకి బీరువా తగులుతోందో అప్పుడే తెలిసిపోతుంది. ఆ తర్వాత కూడా మనసు 1.4 మీదే ఉంటే ఒకరోజు అద్దెకి తెచ్చుకోండి. హైదరాబాద్, విజయవాడ, విశాఖల్లో రోజు అద్దెకి దొరుకుతాయి. అదే పెళ్ళిలో సగం ఫొటోలు 1.4లో, సగం 2లో తీసి, ఏ ఫొటో దేనిలో తీశారో చూడకుండా ఆల్బమ్‌కి ఏరండి.

ఇదే ప్రశ్న క్రాప్ సెన్సర్ (ఫుల్ ఫ్రేమ్ కన్నా చిన్న సెన్సర్) వాళ్ళకుంటే జవాబు వేరు. ఆ బాడీ మీద 85తో నిలువెత్తు ఫొటోకి 23, 24 అడుగులు వెనక్కి వెళ్ళాలి, ఇంట్లో అసాధ్యం. 56 ఎఫ్1.4 చూసుకోవాలి, సిగ్మాది 280 గ్రాములే. నికాన్ డీ3000, డీ5000 వరుస బాడీలున్నవాళ్ళు 85 ఎలాగైనా కావాలనుకున్నా సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా దొరికే 85 ఎఫ్1.8డీ కొనకండి, ఆ బాడీల్లో మోటార్ లేదు కాబట్టి దానికి ఆటోఫోకస్ పనిచేయదు, 1.8జీ తీసుకోవాలి.

సెకండ్ హ్యాండ్ అయితే ఫోన్ టార్చి వెనక నుంచి కొట్టి ముందు నుంచి ఏటవాలుగా చూడండి. సాలెగూడు దారాల్లాంటివి కనిపిస్తే ఫంగస్, ఎంత చవకైనా వద్దు. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం వైపు గాలిలో తేమకి బ్యాగులో నెలల తరబడి ఉంచిన లెన్సులకి ఇది మామూలే. దుమ్ము రేణువులు నాలుగైదుంటే పట్టించుకోకండి. ట్రైపాడ్ మీద పెట్టి వందడుగుల దూరంలోని ఒక బోర్డుని ఫ్రేమ్ నాలుగు మూలలకీ ఒక్కోసారి తెచ్చి, ప్రతిసారీ కొత్తగా ఫోకస్ చేసి, 1.8లో తీయండి. మూడు మూలలు పదునుగా ఉండి ఒక్కటి మాత్రం మెత్తగా ఉంటే లోపల గ్లాసు పక్కకి జరిగింది, లెన్స్ ఎప్పుడో కిందపడిందన్నమాట. కొత్త లెన్సుకి కూడా మార్చి ఇచ్చే గడువు లోపు ఈ పరీక్ష చేసుకోండి.

మిగిలిన డబ్బుతో ఎఫ్ఈ 35 ఎఫ్1.8 తీసుకోండి, 280 గ్రాములు. జీలకర్ర బెల్లం దగ్గర ఆరడుగుల్లో ఇద్దరినీ, చేతులనీ, తెరనీ కలిపి పట్టేది అదే. ఇంకా మిగిలితే ఒక ఫ్లాష్, ట్రిగ్గర్, చిన్న సాఫ్ట్‌బాక్స్. ముస్తాబు గదిలో నెత్తి మీద ట్యూబ్‌లైట్ ఆర్పేసి, సాఫ్ట్‌బాక్స్‌ని పక్కనుంచి మూడడుగుల దూరంలో పెట్టి, 85ని ఎఫ్2లో తీయండి.